బెల్లంగాడు, బూడిదగాడు, మోగని కుండ

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. తలగడ సగం నాకివ్వు. ఊఁ కొడుతూ ఉండాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథ కూడా అక్కడే ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మహా పెద్దదేం కాదులే, ఈ చివర పిల్లాడు తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ" అనేంత ఊళ్ళో, పైడయ్య అని ఒక తాత ఉండేవాడు. కుండలు చేసేవాడు.

పైడయ్య మొండివాడు. అలాంటిలాంటి మొండి కాదు. ఒక ఏడు తొలకరి నాడు ఆయన పెళ్ళాం నూకాలు "గొడుగు పట్టుకెళ్ళయ్యా" అంటే "అక్కర్లేదు" అన్నాడు. అన్నాడు గనక ఆ వానాకాలమంతా తడిశాడు. తుమ్ముతూ తడిశాడు గానీ గొడుగు ముట్టుకోలేదు.

కానీ ఆ చేతులున్నాయే, ఏం చేతులనుకున్నావు! సారె గిర్రున తిరుగుతుంటే ఆ చేతుల మధ్యలోంచి కుండ పువ్వు విచ్చుకున్నట్టు లేచేది. ఆవంలో కాలి బయటికొచ్చిన ప్రతి కుండనీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవాడు. ఠంగుమని మోగితే అమ్మకానికి. మోగలేదా, పెంకుల కుప్ప మీదికి విసిరేసేవాడు. "మోగని కుండ నా ఇంట్లో ఉండదు" అనేవాడు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. పైడయ్య చిల్లు కుండ చెయ్యడు. ఎందుకంటే, మనిషి పోయినప్పుడు భుజాన మోసే నీళ్ళ కుండకే చిల్లు పెడతారు. అందుకని ఇంట్లో చిల్లు కుండ ఉండకూడదని వాళ్ళ నాన్న చెప్పాడు, వాళ్ళ నాన్నకి వాళ్ళ తాత చెప్పాడు. ఒకసారి పట్నం నుంచి ఒకాయన కారేసుకుని వచ్చి, "పూలకుండీలు కావాలి పెద్దాయనా, నీళ్ళు కారిపోవడానికి అడుగున ఒక్క చిల్లు పెట్టు చాలు" అన్నాడు. పైడయ్య సారె మీంచి తలైనా ఎత్తలేదు. "ముంత కావాలంటే చేస్తాను. చట్టి కావాలంటే చేస్తాను. చిల్లు కావాలంటే ఇంకో ఊరు చూసుకో" అన్నాడు.

పైడయ్యకి ఒక మనవరాలు. పేరు వరాలు. వాళ్ళమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చేది. వాళ్ళ నాన్న లారీ తోలేవాడు. ఆయన ఒకసారి పట్నం నుంచి వస్తూ వరాలుకి ఒక చిన్న బుట్ట తెచ్చాడు. బుట్టలో గడ్డి. గడ్డిలో రెండు బొచ్చు ఉండలు.

"ఏటి నాన్నా ఇవి? ఎలకలా?" అంది వరాలు.

"కాదే. గినీ పందులంటారు."

"పందులైతే గుమ్మం దాటనివ్వను!" అని వంటింట్లోంచి కేకేసింది నూకాలు.

పేరుకే పందులు గానీ పందులు కావు బంగారూ. కుందేలు పిల్లంత ఉంటాయి. చెవులు చిన్న తమలపాకుల్లా వాలి ఉంటాయి. తోకే ఉండదు. గడ్డి తింటాయి, కొత్తిమీర కాడలంటే ప్రాణం పెడతాయి. ఆనందం వేస్తే వేగుతున్న పేలాల్లా ఉన్నచోటే ఎగిరెగిరి పడతాయి. ఆ రెండూ ఒక తల్లి పిల్లలే. రెండూ మగవే. "ఒకటే తెస్తే దిగులు పెట్టుకుని తిండి మానేస్తుందట, తోడుండాలట" అని చెప్పి, ఆయన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఒకటి బెల్లం రంగు. ఒకటి బూడిద రంగు. వరాలు వాటికి బెల్లంగాడు, బూడిదగాడు అని పేర్లు పెట్టింది. పైడయ్య సారె పక్కనే తడికలు కట్టి, వరిగడ్డి పరిచి, వాటికి చోటిచ్చాడు. అవి ముక్కుకి ముక్కు ఆనించుకుని పడుకునేవి. పైడయ్య మట్టి చేతులు చాపితే రెండూ పరుగెత్తుకొచ్చి వేళ్ళు నాకేవి.

అప్పుడు ఏమైంది? పిల్లలు పెద్దవాళ్ళయ్యారు.

పెద్దయ్యాక బెల్లంగాడి నడక మారింది. ఒళ్ళు ఉబ్బించి, పిర్రలు అటూ ఇటూ ఊపుకుంటూ, పెళ్ళిలో మర్యాద తక్కువైన పెద్దమనిషిలా గుర్రుమంటూ తిరిగేవాడు. వాణ్ణి చూసి బూడిదగాడు కూడా పిర్రలు ఊపడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పళ్ళు టకటకలాడించుకోవడం. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే చూస్తే, బూడిదగాడి చెవి చివర చిరిగి నెత్తురు.

నూకాలు కొంగుతో ఆ చెవి తుడిచింది. ఆవిడకి నెత్తురు చూస్తే ఒళ్ళు వణుకు. "ఇంక కాదు. మా తమ్ముడు అప్పన్న దీపావళికి ముందు ప్రమిదలు పట్టుకెళ్ళడానికి వస్తాడు కదా. ఒకదాన్ని వాడి బుట్టలో పెట్టి పంపించేస్తాను" అంది.

వరాలు వెళ్ళి తాత ఒళ్ళో కూర్చుంది. మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు.

"రెండూ ఇక్కడే ఉంటాయి" అన్నాడు పైడయ్య.

"నువ్వు చెప్తే వింటాయేటి అవి?"

"రెండూ ఇక్కడే ఉంటాయన్నాను" అని ఒళ్ళో ఉన్న వరాలు తల నిమిరాడు. " గుంటకి మాటిచ్చాను."

"ఎప్పుడిచ్చావు?"

"ఇప్పుడే."

నూకాలు నుదురు కొట్టుకుంది. "సరే. అప్పన్న వచ్చేదాకా చూస్తాను. ఆ పూట నెత్తురు కనబడిందో, ఒకటి వాడి వెంట వెళ్ళాల్సిందే. ఇది నా మాట" అంది. మరి ఆవిడ కూడా పైడయ్యతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి!

పైడయ్య ఆలోచించాడు. వాళ్ళింట్లో ఒక పద్ధతుంది. పిల్లలు కొట్టుకుంటే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకే కంచంలో అన్నం పెట్టేవారు. ముద్దా ముద్దా తింటూ, చెయ్యీ చెయ్యీ తగులుతూ, కంచం ఖాళీ అయ్యేసరికి నవ్వుకునేవారు. కాబట్టి పైడయ్య వెడల్పాటి మూకుడు ఒకటి తెచ్చి, నిండా గరిక, జామ ముక్కలు వేసి, రెండింటి మధ్యా పెట్టాడు.

బెల్లంగాడు వచ్చాడు. మూకుడు చూశాడు. మూకుట్లోకి ఎక్కి కూర్చున్నాడు. కూర్చుని తిన్నాడు. బూడిదగాడు చుట్టూ తిరిగి తిరిగి ఒక్క కాడ లాగబోతే వీపు మీద కరిచాడు. బొచ్చు ఊడి గాలికి లేచింది.

"కంచంలో కూర్చునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అంది నూకాలు.

మొండివాడు కదా, పైడయ్య సారె ఆపేసి తడిక దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చూస్తూ కూర్చున్నాడు. చుట్ట ఆరిపోయినా చూశాడు. కస్టమర్లు వచ్చి పిలిచినా చూశాడు. అప్పుడు ఆయనకొకటి అర్థమైంది. పిల్లలకైతే కంచం ముందు అమ్మ కూర్చుంటుంది, వీడికింత వాడికింత అని చూస్తుంది. వీటికెవరున్నారు?

అప్పుడు ఒకటి పెద్ద గిన్నె, ఒకటి చిన్న గిన్నె పెట్టాడు. రెండూ పెద్దదాని మీదికే దూకాయి. ఆ తర్వాత అచ్చం ఒకేలాంటి గిన్నెలు రెండు చేశాడు. తన తల్లి వచ్చినా ఏది ఏదో చెప్పలేదు, అంత ఒకేలాగా. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల పెట్టాడు. గడ్డి మాత్రం ఎవరూ కాపలా కాయలేనట్టు నేలంతా చల్లేశాడు. బెల్లంగాడు తన గిన్నె వదిలి ఆ గిన్నె దగ్గరికి వెళ్తే, బూడిదగాడు ఈ గిన్నె దగ్గరికి వచ్చేవాడు. కాసేపటికి మళ్ళీ మారేవారు. రోజంతా గస్తీ తిరగడమే గానీ కొట్టుకోవడం లేదు. వరాలు పడీపడీ నవ్వింది.

ఊఁ కొట్టవేం? నిద్రొస్తోందా? రాలేదా, అయితే విను.

కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక శుక్రవారం వచ్చింది.

శుక్రవారం వస్తే నూకాలు చేతికి అడ్డూ ఆపూ ఉండదు. ఇల్లంతా కడగాల్సిందే, వాకిలంతా కళ్ళాపి చల్లాల్సిందే. ఆ ఊపులో తడికల గూడు కూడా ఊడ్చి పారేసింది. పాత గడ్డంతా పెంటకుప్పలో వేసి, పసుపు నీళ్ళతో నేల కడిగి, కొత్త గడ్డి పరిచింది. పైగా బెల్లంగాడికీ బూడిదగాడికీ కుంకుడుకాయ నురగతో తలంటి పోసింది. రెండూ తడిసిన పీచుముక్కల్లా వణికాయి.

అవి ఆరాయో లేదో, యుద్ధం! ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ చూడనట్టు, పరాయి ఊరి కుక్కల్ని చూసినట్టు మీద పడ్డాయి. పైడయ్య మధ్యలో మూకుడు అడ్డం పెట్టి విడదీశాడు. నాలుగు రోజులకి చల్లబడ్డాయి. మళ్ళీ శుక్రవారం. మళ్ళీ తలంటు. మళ్ళీ యుద్ధం.

పొరుగింటి గౌరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఓలమ్మో, ఇది దిష్టే నూకాలక్కా! శుక్రవారం దిష్టి!" అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేశారు. ఘాటుకి బెల్లంగాడు తుమ్మాడు. బూడిదగాడు తుమ్మాడు. వరాలు ఇద్దరికీ విడివిడిగా "చిరంజీవ" చెప్పింది. తుమ్ములు తగ్గాయి గానీ కొట్లాట తగ్గలేదు.

ఆ శుక్రవారం పైడయ్య కూడా తలంటుకున్నాడు. నూకాలు ఊరుకోదుగా. చేతుల మట్టంతా పోయి, కుంకుళ్ళ వాసనేస్తూ వెళ్ళి, తడికలోకి చెయ్యి చాపాడు. బెల్లంగాడు వచ్చి ఒక్కసారి వాసన చూశాడు. వెనక్కి దూకి పళ్ళు టకటకలాడించాడు.

పైడయ్యకి పౌరుషం వచ్చింది. "ఒరే, నేనురా! పైడయ్యని! రోజూ నీకు కొత్తిమీర పెట్టేది ఎవడనుకున్నావు?"

వాడు వినలేదు. పైడయ్య ఆ చేతికేసి చూసుకున్నాడు. లేచి వెళ్ళి బంకమన్నులో ముంజేతుల దాకా ముంచి, మళ్ళీ వచ్చి చాపాడు. బెల్లంగాడు పరుగెత్తుకొచ్చి వేళ్ళు నాకాడు.

"నూకాలూ! ఇలా రా!" అని ఊరంతా వినబడేలా అరిచాడు పైడయ్య. "వీటికి మొహంతో పని లేదే. వాసనే వీటికి పేరు. నువ్వు శుక్రవారం శుక్రవారం వీళ్ళ పేర్లు కడిగేస్తున్నావు!"

"అయితే శుక్రవారం పూట ఇంట్లో చెత్త ఉంచమంటావా? లక్ష్మీదేవి గుమ్మం దాకా వచ్చి ముక్కు మూసుకుని వెళ్ళిపోదూ?"

అక్కడ పెద్ద వాదనే జరిగింది. ఆయన వదల్లేదు, ఆవిడ వదల్లేదు. పొయ్యి మీద అన్నం మాడింది. చివరికి నూకాలే ఒక దారి చెప్పింది. గూడులో సగం శుక్రవారం కడుగుతుంది, తక్కిన సగం సోమవారం కడుగుతుంది. కడిగిన చోట కొత్త గడ్డితో పాటు ఒక గుప్పెడు పాత గడ్డి కలుపుతుంది. తలంట్లు మాత్రం బంద్. "లక్ష్మీదేవి కడిగిన పక్కనుంచి వస్తుందిలే" అంది. పైడయ్య ఆవిడకేసి మెచ్చుకోలుగా చూశాడు. నోటితో మాత్రం అనలేదు. ఆయన సంగతి తెలిసిందే కదా.

ఆ తర్వాత శుక్రవారాలు కూడా మామూలు రోజుల్లాగే గడిచాయి. దీపావళి దగ్గర పడింది. ప్రమిదలు గుట్టలుగా పోశాడు పైడయ్య. వరాలు రోజుకో ముగ్గు బొట్టు గోడ మీద పెట్టి, అప్పన్న తాత వచ్చే రోజు ఎప్పుడో చూసుకునేది.

సరిగ్గా అప్పుడే తుపాను పట్టింది.

గాలి, వాన, చలి. తడికల్లోంచి జల్లు కొడుతోంది. బెల్లంగాడూ బూడిదగాడూ ముడుచుకుపోయాయి. పైడయ్య అటక మీంచి తన కుండల్లోకెల్లా మంచి కుండలు దించాడు. పెద్ద పొట్ట కుండలు, తడితే గుడిలో గంటలా మోగేవి. గిన్నెల సంగతి నేర్చుకున్నాడు కదా, ఒకటి కాదు, ఒకేలాంటివి రెండు. పక్కకి పడుకోబెట్టి, లోపల గడ్డి పరిచి, వాటికి ఇళ్ళు కట్టించినంత సంబరపడ్డాడు.

"ఒక్కొక్కడికి ఒక్కో ఇల్లు. ఇంక గొడవేముంది?" అన్నాడు.

కానీ తెల్లారేసరికి బూడిదగాడి ముక్కు మీద గాటు. ముక్కు కొసన నెత్తుటి బొట్టు.

గుమ్మంలో గొడుగు ముడుస్తూ అప్పన్న నిలబడి ఉన్నాడు. చేతిలో బుట్ట ఉంది.

"బావా, బాగున్నావా? ప్రమిదలు సిద్ధమేనా?" అన్నాడు పాపం, ఏమీ తెలియక.

నూకాలు ఆ బొట్టు చూసింది. తమ్ముడి చేతిలో బుట్ట తీసుకుంది. గొంతు హెచ్చించలేదు. "నేను రాయిని కాదయ్యా. కానీ రోజుకొకరి చెవీ, రోజుకొకరి ముక్కూ కడగలేను. ఒకరోజు కన్ను పోతుంది. అప్పుడేం చేస్తాం?" అంది.

వరాలు ఏడవలేదు. పెరట్లోకి వెళ్ళి కొత్తిమీర కోసుకొచ్చింది. బుట్ట అడుగున మెత్తగా పరిచింది. అప్పుడు తాతకేసి తిరిగి అడిగింది.

"ఏది వెళ్తుంది తాతా?"

బంగారూ, పైడయ్యని ఆ ఊళ్ళో ఎంతోమంది ఎన్నో అన్నారు. ఎవరికీ ఆయన తల వంచలేదు. ఆ ఒక్క మాటకి మాత్రం తల కిందికి దిగిపోయింది. దిగిన తల దిగినట్టే, తడికలోకి పాకి, ఆ తడి నేల మీద బోర్లా పడుకున్నాడు. ఇవి ఎక్కడ కొట్టుకుంటున్నాయో, ఎందుకు కొట్టుకుంటున్నాయో చూడకుండా లేవనని మొండికేశాడు.

బూడిదగాడు ఒక కుండలో ఉన్నాడు. బెల్లంగాడు వాడి వెనకే వెళ్ళి మూతిలో నిలబడ్డాడు. ఊరికే చూడ్డానికే వెళ్ళాడేమో, ఎవరికి తెలుసు? లోపల బూడిదగాడు గోడకి అంటుకుపోయి కీచుమన్నాడు. పైడయ్య బెల్లంగాణ్ణి చేత్తో పక్కకి తప్పించాడు. రెండో కుండ ఖాళీగా ఉంది. ఆయన గడ్డి దులిపి, ఆ కుండలో తన తల దూర్చాడు.

గోడ మీంచి గౌరమ్మ అరిచింది. "ఓలమ్మో, పైడయ్య మావకి పిచ్చెక్కింది! తల కుండలో పెట్టేసుకున్నాడు!"

పెట్టుకున్నవాడు తియ్యలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుండలు చేస్తున్నాడు. బయటి నుంచి తట్టాడు, తడిమాడు, మోగించాడు. లోపల ఎలా ఉంటుందో ఒక్కనాడూ చూడలేదు. లోపల చీకటి. నల్లటి గుండ్రటి చీకటి. తన ఊపిరే తనకి పెద్దగా వినబడుతోంది. మెడ పక్కన మూతిలోంచి మాత్రం సన్నగా కాస్త వెలుగు.

"తాతా! తాతా!" అని వరాలు భయపడి దగ్గరికొచ్చి వంగింది. ఆ పిల్ల నీడకి ఉన్న కాస్త వెలుగూ పోయింది.

పైడయ్య గుండె ఝల్లుమంది. వచ్చింది ప్రాణంలాంటి మనవరాలే. అయినా ఝల్లుమంది. వెనక్కి పోదామంటే గోడ, ముందుకు వద్దామంటే దారికి అడ్డం. ఆయన గబుక్కున తల బయటికి లాక్కున్నాడు. గడ్డంలో గడ్డిపరకలు, కళ్ళలో నీళ్ళు.

"కరవక ఏం చేస్తాడే వాడు!" అన్నాడు. "లోపల ఉన్నవాడికి బయటికి దారేది? నేనైనా కరిచేవాణ్ణి."

"దారి ఎలా వస్తుంది తాతా?" అంది వరాలు.

ఎలా వస్తుందో పైడయ్యకి తెలుసు. నూకాలుకీ తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్తది రెండు మూతులతో చేద్దామంటే మన్ను ఆరాలి, ఆవం కాలాలి. ఈ వానలో ఆవం ఎక్కడ అంటుకుంటుంది? అప్పన్న చెప్పులు వేసుకోవడమే తరువాయి.

పైడయ్య సారె దగ్గరికి వెళ్ళి అరిగిపోయిన ఆకురాయి తెచ్చాడు. తన చేత్తో చేసిన ఆ మంచి కుండని ఒళ్ళో బోర్లించుకున్నాడు.

"ఏటయ్యా చేస్తున్నావు?" అంది గౌరమ్మ గోడ మీంచి, నవ్వు పోయిన గొంతుతో. "ఇంట్లో చిల్లు కుండా? అశుభం మావా!"

"నాకు తెలుసు" అన్నాడు పైడయ్య. "గుంటకి మాటిచ్చాను."

తడి చేసుకుంటూ కుండ అడుగున చుట్టూ గీరడం మొదలుపెట్టాడు. కుండ పక్కకి జారింది. అప్పుడు నూకాలు, చిల్లు అన్న మాట వింటేనే లెంపలేసుకునే నూకాలు, వచ్చి ఎదురుగా కూర్చుంది. బుట్ట పక్కన పెట్టింది. రెండు చేతులతో కుండని గట్టిగా పట్టుకుంది.

"ఊఁ, కానీ. పగిలిపోకుండా నేను పట్టుకుంటాను" అంది.

గీరాడు. తట్టాడు. పెంకు పెంకుగా, గోరంత గోరంతగా ఊడి వచ్చింది. కుండ అడుగున గుండ్రంగా, బెల్లంగాడంత లావున ఒక దారి పడింది. వాటి ఒంటికి గుచ్చుకోకుండా అంచంతా ఆకురాయితో నున్నగా అరగదీశాడు. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టాడు.

టప్పుమంది. అంతే. మోగలేదు.

పైడయ్య రెండో కుండ తీసుకున్నాడు. దానికీ అంతే చేశాడు.

కుండలు రెండూ లోపల పెట్టి, గడ్డి పరిచి, అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. అప్పన్న కూడా చూశాడు. బూడిదగాడు ఒక కుండలో దూరాడు. బెల్లంగాడు పిర్రలు ఊపుకుంటూ, గుర్రుమంటూ వెనకే దూరాడు. బూడిదగాడు తాపీగా వెనక దారిలోంచి బయటికొచ్చాడు. బెల్లంగాడూ అటునుంచే వచ్చాడు. ఎవరూ లేరు! చూస్తే బూడిదగాడు చుట్టు తిరిగి మళ్ళీ ముందు మూతిలోంచి లోపలికి. బెల్లంగాడు మళ్ళీ వెనకే. మళ్ళీ బయటికి. తిరిగి తిరిగి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ఆ ఆయాసంలో బెల్లంగాడికి పిర్రలు ఊపాలన్న సంగతే గుర్తు లేదు.

అప్పుడు బూడిదగాడు కుండలోకెళ్ళి పడుకున్నాడు. బెల్లంగాడు మూతి దగ్గర నిలబడ్డాడు. వెనక నుంచి వెలుగు వస్తూనే ఉంది. బూడిదగాడు కదల్లేదు. వెళ్ళాలనుకుంటే వెళ్ళొచ్చు కదా, ఇంక భయమెందుకు? బెల్లంగాడు మెల్లగా లోపలికి నడిచి, తమ్ముడి పక్కన ఒరిగాడు. రెండో కుండ పక్కనే ఖాళీగా ఉంది. అయినా ఒకే కుండలో, చిన్నప్పటిలా ముక్కుకి ముక్కు ఆనించుకున్నాయి.

వాన చూరు మీంచి కారుతోంది.

నూకాలు లేచింది. బుట్టలోంచి కొత్తిమీర తీసి వరాలు చేతిలో పెట్టింది. ఆ బుట్ట నిండా ప్రమిదలు సర్ది తమ్ముడికిచ్చింది. "ఇదిగో. జాగ్రత్తగా పట్టుకెళ్ళు."

"మరి పందినేదో ఈ బుట్టలో పెట్టబోయావు కదక్కా?"

"ఏ పంది?" అంది నూకాలు. "మా ఇంట్లో పందులెక్కడివిరా? గుమ్మం దాటనిస్తానా నేను?"

అప్పన్న తల గోక్కుంటూ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎండలొచ్చాయి. పైడయ్య ఆవం కాల్చి రెండు మూతుల కుండలు చాలా చేశాడు. వింత చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు. పట్నం కారాయన కూడా మళ్ళీ వచ్చాడు. "పెద్దాయనా, చిల్లులు పెడుతున్నావట కదా! మరి నా పూలకుండీలు?" అన్నాడు ఆశగా.

"చెయ్యనన్నానుగా" అన్నాడు పైడయ్య, సారె మీంచి తలెత్తకుండా. మారిపోయాడనుకున్నావా? మాటంటే మాటే.

కానీ కొత్త కుండలు ఎన్ని చేసినా ఆ మొదటి రెండు కుండల్ని మాత్రం పెంకుల కుప్ప మీద వెయ్యలేదు. మోగని కుండలు ఆ ఇంట్లో ఉన్నవి ఆ రెండే. సాయంత్రం సారె ఆపి, చేతులు కడుక్కోకుండానే, వాటిలో ఒకదాని పక్కన గొంతుక్కూర్చుని మూతికి చెవి ఆనించేవాడు. లోపల బెల్లంగాడూ బూడిదగాడూ నిద్రలో గుర్రుమంటుంటే, ఆ గుర్రు రెండు మూతుల్లోంచీ తీయగా బయటికొచ్చేది. వీణ తీగ మీద ఎవరో వేలు పెట్టి వదిలినట్టు, కుండంతా సన్నగా పాడేది.

"నూకాలూ, విను. మోగుతోంది" అనేవాడు పైడయ్య.

ఏదీ, నీ ఊఁ? ఆగిపోయిందా? అయితే కథా ఆగింది. కళ్ళు మూసుకో, చివరి పాట నేను ఒక్కదాన్నే పాడుకుంటాను.

గిన్నెకి మూలలు రెండు,
కుండకి మూతులు రెండు,
నీకూ నాకూ దుప్పటి ఒకటే,
జరిగితే చోటు మెండు!
కథ నడిచెళ్ళింది కంచికి,
మనం చేరాం మన ఇంటికి,
కునుకొచ్చి కూర్చుంది కంటికి.